'బుక్ షాప్'లో పుస్తకాలెన్ని? ఆంగ్ల సమాసాల్లో ఏకవచన, బహువచనాల తీరు

అఖిల భారత సర్వీసుల అధికారులను ఎంపిక చేసే రాజ్యాంగ సంస్థ పేరు 'యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్'. ఆ సంస్థ ఏటా నిర్వహించే ప్రతిష్ఠాత్మక పరీక్ష పేరు 'సివిల్ సర్వీసెస్ ఎగ్జామినేషన్'. సంస్థ పేరులో 'సర్వీస్' ఏకవచనం. పరీక్ష పేరులో 'సర్వీసెస్' బహువచనం. ఈ రెండింటిలో ఒకదానికి బదులు మరొకటి రాసే అభ్యర్థులు, 'పబ్లిక్ సర్వీసెస్ కమిషన్' అని ముద్రించే కరపత్రాలు తరచుగా కనిపిస్తుంటాయి. రాజ్యాంగంలోని 315వ అధికరణం మాత్రం కేంద్రానికీ, రాష్ట్రాలకూ ఉండవలసిన సంస్థలను 'సర్వీస్ కమిషన్' అనే ఏకవచన రూపంతోనే పేర్కొంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సంస్థల పేర్లు కూడా అదే పద్ధతిలో ఉన్నాయి.

ఒక పేరులో ఏకవచనం, మరో పేరులో బహువచనం ఎందుకు వచ్చాయన్న ప్రశ్న చూడటానికి చిన్నది. కానీ ఆంగ్లంలో దరఖాస్తు రాసే నిరుద్యోగికి, పోటీ పరీక్షలో వాక్య దోషాన్ని గుర్తించవలసిన విద్యార్థికి, కార్యాలయంలో ముసాయిదా సిద్ధం చేసే ఉద్యోగికి ఇది రోజూ ఎదురయ్యేదే. ముఖ్యంగా తెలుగు మాధ్యమంలో చదివినవారు 'బుక్స్ షాప్', 'షూస్ షాప్', 'టికెట్స్ కౌంటర్' అన్నప్పుడు ఆంగ్లం రాదన్న ఎగతాళికి గురవుతుంటారు. నిజానికి ఆ ప్రయోగాల వెనుక ఉన్నది అజ్ఞానం కాదు. అది తెలుగు భాష తర్కం. ఆ తర్కం ఎక్కడ ఆంగ్లంతో కలుస్తుందో, ఎక్కడ విడిపోతుందో తెలిస్తే సందేహాల్లో అధిక భాగం తీరిపోతుంది.

'ఎన్ని' కాదు, 'ఏ రకం'

రెండు నామవాచకాలు చేరి ఒకే అర్థాన్నిచ్చే పదమైనప్పుడు మొదటిదాన్ని పూర్వపదమని, రెండవదాన్ని ఉత్తరపదమని వ్యాకరణం వ్యవహరిస్తుంది. 'బుక్ షాప్' అన్నప్పుడు అసలు వస్తువు 'షాప్'. 'బుక్' అనేది అది ఎటువంటి దుకాణమో చెబుతుంది. అందులో పుస్తకాలు ఎన్ని ఉన్నాయన్నది ఆ పదం చెప్పదలచుకున్న విషయమే కాదు. కనుక ఆంగ్లంలో పూర్వపదం సాధారణంగా సంఖ్యను వదిలేసి మూల రూపంలో నిలుస్తుంది. ఆ మూల రూపం ఏకవచనంలా కనిపిస్తుంది గానీ 'ఒకటి' అని దాని అర్థం కాదు.

'టూత్ బ్రష్' ఒక్క పంటిని తోమేది కాదు. 'కార్ పార్క్' ఒక్క కారుకు పరిమితం కాదు. 1957లో ఏర్పాటైన 'నేషనల్ బుక్ ట్రస్ట్' ప్రచురించినది ఒక్క పుస్తకం కాదు. ఎన్నో ఎన్నికలు నిర్వహించే సంస్థ పేరు కూడా 'ఎలక్షన్ కమిషన్' మాత్రమే. ఇలాంటి పదాలను బహువచనంలోకి మార్చవలసి వస్తే మార్పు చివరి పదానికే చేరుతుంది. 'బుక్ షాప్స్', 'టూత్ బ్రషెస్' అవుతాయి తప్ప ముందున్న పదం కదలదు.

తెలుగు తర్కం

తెలుగులో దుకాణాలకూ, అంగళ్లకూ పేరు పెట్టేటప్పుడు పూర్వపదం ఎక్కువగా బహువచన షష్ఠీ రూపంలో ఉంటుంది. పుస్తకాల దుకాణం, చెప్పుల షాపు, పండ్ల మార్కెట్, కూరగాయల సంత అన్నవి ఇందుకు ఉదాహరణలు. 'ఎలక్షన్ కమిషన్' తెలుగులో 'ఎన్నికల సంఘం' అయింది. ఈ అలవాటుతో ఆలోచించి ఆంగ్లంలో మాట్లాడేవారికి 'బుక్స్ షాప్' అన్న మాట సహజంగానే నోటికి వస్తుంది.

అయితే తెలుగు అంతటా ఇదే పద్ధతి లేదు. కూరలో ఎన్ని వంకాయలు పడినా అది 'వంకాయ కూర'. జాడీ నిండా కాయలున్నా అది 'మామిడికాయ పచ్చడి'. రెండు చేతులకూ వేసుకునేవి 'చేతి గాజులు', రెండు చెవులకూ పెట్టుకునేవి 'చెవి కమ్మలు'. రెండు కళ్లనూ పరీక్షించే చోటును 'కంటి ఆసుపత్రి' అంటారు. కానీ పళ్ల విషయానికి వస్తే 'పళ్ల పొడి', 'పళ్ల డాక్టరు' అని బహువచనమే వాడుకలో ఉంది. కూరగాయల మార్కెట్‌లో బహువచనం ఉండగా, 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 'రైతు బజార్' పేరులో రైతు ఏకవచనంగానే ఉన్నాడు.

సంస్కృత సమాసాలు తెలుగులోకి వచ్చినప్పుడు ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. సంస్కృత సమాసంలో పూర్వపదం విభక్తినీ, వచనాన్నీ సాధారణంగా కోల్పోతుంది. అందుకే వేల పుస్తకాలు అమ్మకానికి పెట్టినా అది 'పుస్తక ప్రదర్శన' లేదా 'పుస్తక మహోత్సవం'. ఎన్ని పూలు గుచ్చినా అది 'పుష్పమాల'. ఆంగ్ల సమాసం నడక దాదాపు ఇదే. 'పుస్తక ప్రదర్శన' అనగలిగిన వ్యక్తికి 'బుక్ ఫెయిర్' కొత్త సూత్రం కాదు. 'వంకాయ కూర'ను 'వంకాయల కూర' అనడం ఎంత వింతగా వినిపిస్తుందో, ఆంగ్ల భాషీయుల చెవికి 'షూస్ షాప్' అంత వింతగా వినిపిస్తుంది.

సంఖ్య ముందున్నా మారని రూపం

పూర్వపదానికి ముందు సంఖ్య వచ్చినప్పుడు పొరపాట్లు మరింత ఎక్కువ. తెలుగులో 'పది రూపాయల నోటు', 'ఆరు వరుసల రహదారి', 'రెండు రోజుల సదస్సు', 'పదేళ్ల బాలిక' అంటారు. ఆంగ్లంలో ఇవి వరుసగా 'టెన్ రుపీ నోట్', 'సిక్స్ లేన్ రోడ్', 'టూ డే సెమినార్', 'టెన్ ఇయర్ ఓల్డ్ గర్ల్' అవుతాయి. రెండు, ఆరు, పది అన్న సంఖ్యలు ఎదురుగా ఉన్నా నామవాచకం ఏకవచన రూపం వీడదు. కళాశాలల సదస్సుల బ్యానర్లపై కనిపించే 'టూ డేస్ సెమినార్' దోషమయ్యేది ఇందుకే.

పది రూపాయల నోటునే పరిశీలిస్తే తేడా తెలుస్తుంది. నోటు మీద విలువను 'టెన్ రుపీస్' అని ఆంగ్లంలో, 'పది రూపాయలు' అని తెలుగులో ముద్రిస్తారు. అక్కడ చెప్పేది మొత్తం ఎంత అన్నది కనుక బహువచనం సరైనది. ఆ కాగితం ఏ రకం నోటో చెప్పవలసి వచ్చినప్పుడు అదే 'టెన్ రుపీ నోట్' అవుతుంది. అదేవిధంగా 1951లో మొదలై 2017లో ముగిసిన ప్రణాళికల పరంపరను ఆంగ్లంలో 'ఫైవ్ ఇయర్ ప్లాన్స్' అన్నారు. తెలుగులో వాటిని 'అయిదు సంవత్సరాల ప్రణాళికలు' అనకుండా 'పంచవర్ష ప్రణాళికలు' అనడంతో ఆ పేరు ఆంగ్ల సమాసానికి సరిగ్గా సరిపోయింది.

ఈ పద్ధతి వెనుక ఆసక్తికరమైన చరిత్ర ఉంది. పాత ఆంగ్లంలో కొలతలు చెప్పేటప్పుడు నామవాచకం బహువచన షష్ఠీ రూపంలో ఉండేది. అంటే తెలుగులో 'పది అడుగుల గోడ' అన్నట్టుగానే అప్పటి ఆంగ్లంలోనూ 'అడుగుల' అనే అర్థం వచ్చే రూపం వాడేవారు. అడుగు అనే అర్థంలో 'ఫుట్' అన్న నేటి పదానికి నాటి బహువచన షష్ఠి 'ఫోటా'. కాలక్రమంలో ఆంగ్ల పదాల చివరి అచ్చులు బలహీనపడి రాలిపోయాయి. 'ఫోటా'లోని చివరి అచ్చు పోగా మిగిలినది ఏకవచన రూపంలా కనిపించింది. 'టెన్ ఫుట్ వాల్' అన్న ప్రయోగంలో నేడు ఏకవచనంగా తోచేది ఆ పాత బహువచనపు అవశేషమే. తెలుగు నిలుపుకున్న విభక్తిని ఆంగ్లం పోగొట్టుకుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 'టూ డేస్ లీవ్' అన్న ప్రయోగం దోషం కాదు. అక్కడ 'రెండు దినముల యొక్క సెలవు' అన్న షష్ఠీ అర్థం ఉంది. రాసేటప్పుడు 'డేస్' చివర అపాస్ట్రఫీ గుర్తు పెట్టాలి.

బహువచనం తప్పనిసరి అయ్యేచోట

మూల రూపమే సూత్రమైతే 'స్పోర్ట్స్ డే', 'సేవింగ్స్ బ్యాంక్', 'కస్టమ్స్ డ్యూటీ', 'గూడ్స్ ట్రైన్', 'ఆర్మ్స్ యాక్ట్' ఎలా వచ్చాయన్న సందేహం సహజం. వీటిలో చాలావాటికి కారణం అర్థ భేదం. కొన్ని ఆంగ్ల పదాలు బహువచన రూపంలో వేరే పదాలుగా స్థిరపడ్డాయి. వాటి చివరి ధ్వనిని తొలగిస్తే అర్థమే మారిపోతుంది.

'ఆర్మ్' అంటే చేయి, 'ఆర్మ్స్' అంటే ఆయుధాలు కూడా. అందువల్ల 1959 నాటి ఆయుధాల చట్టం 'ఆర్మ్స్ యాక్ట్' అయింది. 'కస్టమ్' అంటే ఆచారం, 'కస్టమ్స్' అంటే దిగుమతి, ఎగుమతి వస్తువులపై సుంకాల వ్యవస్థ. 1962 నాటి చట్టం పేరు 'కస్టమ్స్ యాక్ట్'. కనుక 'కస్టమ్ డ్యూటీ' అని రాస్తే సుంకం కాస్తా ఆచారంగా మారుతుంది. 'గుడ్' అంటే మంచి, 'గూడ్స్' అంటే సరకులు. తెలుగువారు 'గూడ్స్ బండి' అని సరిగ్గానే అలవాటు చేసుకున్నారు. 'గ్లాస్ కేస్' అంటే అద్దాల పెట్టె, 'గ్లాసెస్ కేస్' అంటే కళ్లజోడు పెట్టుకునే డబ్బీ. పొదుపు ఖాతాను 'సేవింగ్ అకౌంట్' అనడం మన దగ్గర విరివిగా వినిపిస్తుంది. కూడబెట్టిన సొమ్ము ఆంగ్లంలో 'సేవింగ్స్' కనుక 'సేవింగ్స్ అకౌంట్' అన్నదే సరైన పేరు.

పన్నుల పేర్లలో రెండు భాషలూ స్థానాలు మార్చుకున్న ఉదాహరణ ఉంది. 'ఇన్‌కమ్ ట్యాక్స్'కు తెలుగు 'ఆదాయపు పన్ను'. రెండూ ఏకవచనాలే. 'సేల్స్ ట్యాక్స్' ఆంగ్లంలో బహువచనం కాగా, తెలుగులో అది 'అమ్మకపు పన్ను' అని ఏకవచనమైంది. ఆంగ్లంలో 'సేల్స్' అన్నది అమ్మకాల మొత్తానికి స్థిరపడిన పేరు కావడమే దీనికి కారణం. 2017 జులై 1న అమల్లోకి వచ్చిన 'గూడ్స్ అండ్ సర్వీసెస్ ట్యాక్స్'లో రెండు పూర్వపదాలూ బహువచనాలు. తెలుగు 'వస్తు సేవల పన్ను'లో 'వస్తు' మూల రూపంలో, 'సేవల' బహువచనంలో ఉన్నాయి.

బహువచనం రావడానికి రెండో కారణం వైవిధ్యం. ఒకే రకం వస్తువుల గుంపు కాకుండా, వేర్వేరు అంశాల సముదాయాన్ని సూచించవలసి వచ్చినప్పుడు ఆంగ్లం బహువచనాన్ని అనుమతిస్తుంది. 1993 నాటి చట్టం ద్వారా ఏర్పడిన 'నేషనల్ హ్యూమన్ రైట్స్ కమిషన్' పేరులో 'రైట్స్' అంటే జీవించే హక్కు, స్వేచ్ఛ, సమానత్వం వంటి అనేక హక్కులు. 'సివిల్ సర్వీసెస్' పరీక్ష ఐఏఎస్, ఐపీఎస్, ఐఎఫ్‌ఎస్ సహా విడివిడిగా ఉన్న పలు సర్వీసులకు ఉమ్మడి ప్రవేశ ద్వారం. అందుకే అక్కడ బహువచనం. 'పబ్లిక్ సర్వీస్' మాత్రం ప్రజా సేవ లేదా ప్రభుత్వ కొలువు అనే ఒకే భావన. అందుకే కమిషన్ పేరులో అది ఏకవచనంగా నిలిచింది.

చట్టాల పేర్లలోనూ ఇదే ధోరణి గమనించవచ్చు. చట్టం తాను వర్తించే వాటినన్నిటినీ ఉద్దేశించి బహువచనంలో మాట్లాడుతుంది. 1948 నాటి 'ఫ్యాక్టరీస్ యాక్ట్', 1988 నాటి 'మోటార్ వెహికల్స్ యాక్ట్', 1989 నాటి 'రైల్వేస్ యాక్ట్', 2013 నాటి 'కంపెనీస్ యాక్ట్' అన్నీ అటువంటివే. అదే రంగంలో ఒక హోదాకో, సంస్థకో పేరు పెట్టేటప్పుడు మూల రూపం తిరిగి వస్తుంది. రవాణా శాఖలోని అధికారి 'మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్'. కంపెనీ వివాదాలను విచారించేది 'నేషనల్ కంపెనీ లా ట్రైబ్యునల్'. రైళ్ల నిర్వహణను పర్యవేక్షించేది 'రైల్వే బోర్డు'.

బహువచనంలా కనిపించేవి

'న్యూస్ రీడర్', 'ఫిజిక్స్ ల్యాబ్', 'ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్' అన్న పదాలు పై సూత్రానికి మినహాయింపులు కావు. 'న్యూస్', 'ఫిజిక్స్' వంటివి చివరి ధ్వనిని బట్టి బహువచనాల్లా తోచినా ఆంగ్ల వాక్యంలో ఏకవచనాలుగానే ప్రవర్తిస్తాయి. ఇందుకు వ్యతిరేకంగా, ఎల్లప్పుడూ బహువచనంలోనే ఉండే 'ట్రౌజర్స్' సమాసంలో చేరగానే చివరి ధ్వనిని విడిచి 'ట్రౌజర్ పాకెట్' అవుతుంది. 'క్లోత్స్' మాత్రం అలా విడవదు. 'క్లోత్' అంటే వస్త్రం, 'క్లోత్స్' అంటే దుస్తులు. ఇక్కడా అర్థ భేదమే కాపలా కాస్తుంది.

'టీచర్స్ డే', 'స్పోర్ట్స్ డే' అన్న పేర్లు తెలుగు లిపిలో ఒకే తీరుగా కనిపిస్తాయి. కానీ సెప్టెంబర్ 5న జరిగేది ఉపాధ్యాయుల యొక్క దినోత్సవం. అది షష్ఠీ సంబంధం కనుక ఆంగ్ల లిపిలో అపాస్ట్రఫీ ఉంటుంది. ఆగస్టు 29న మేజర్ ధ్యాన్‌చంద్ జయంతి సందర్భంగా జరిపే 'నేషనల్ స్పోర్ట్స్ డే'లో అటువంటి గుర్తు లేదు. 'స్పోర్ట్స్' అక్కడ దినం ఏ రకమో చెప్పే పూర్వపదం మాత్రమే.

స్త్రీ, పురుష వాచకాలది మరో ప్రత్యేకత. 'ఉమన్ డాక్టర్' బహువచనంలో 'విమెన్ డాక్టర్స్' అవుతుంది. రెండు పదాలూ మారతాయి. ఎందుకంటే డాక్టరే మహిళ. నరమాంస భక్షక పులి 'మ్యాన్ ఈటర్' అయితే, అటువంటి పులులు అనేకమైనా 'మ్యాన్ ఈటర్స్' అంటారు. అక్కడ తినేది పులి, మనిషి దానికి ఆహారం. రెండు పదాలూ ఒకే వ్యక్తిని సూచిస్తున్నాయా లేదా అన్నదే ఇక్కడ గీటురాయి.

పసిపిల్లలకు తెలిసిన సూత్రం

ఈ నియమాన్ని ఆంగ్లం మాతృభాషగా ఉన్న పిల్లలు ఎవరూ నేర్పకుండానే పాటిస్తారని భాషా మనస్తత్వ పరిశోధనలు చూపాయి. పీటర్ గోర్డన్ 1985లో ప్రచురించిన ప్రయోగంలో మూడు నుంచి అయిదేళ్ల పిల్లలను ఒక భూతం ఏది తింటే దానిని ఏమని పిలవాలో అడిగారు. ఎలుకలను బహువచనంలో 'ర్యాట్స్' అన్న పిల్లలే, వాటిని తినే భూతాన్ని దాదాపు ఎల్లప్పుడూ 'ర్యాట్ ఈటర్' అన్నారు. చుంచెలుకల విషయంలో మాత్రం 'మైస్ ఈటర్' అనడానికి వారు వెనుకాడలేదు. 'మౌస్'కు బహువచనమైన 'మైస్' సాధారణ ప్రత్యయంతో ఏర్పడేది కాదు. సాధారణ బహువచన ప్రత్యయానికే సమాసంలో చోటు దొరకదన్న వాదనకు ఈ ఫలితాలు ఊతమిచ్చాయి. తర్వాతి పరిశోధకులు కొందరు దీనితో విభేదించి, ధ్వని, అర్థం రెండూ కలిసి ఈ ఎంపికను నిర్ణయిస్తాయని, అది తెగిన గీత వంటి నియమం కాదని వాదించారు. 'సేవింగ్స్', 'రైట్స్' వంటి ఉదాహరణలు ఆ వాదనకు బలం చేకూరుస్తాయి.

ఆంగ్లం మాతృభాషగా ఉన్నవారిలోనూ ఏకాభిప్రాయం లేని చోట్లున్నాయి. బ్రిటిష్ ఆంగ్లం బహువచన పూర్వపదాన్ని అమెరికన్ ఆంగ్లం కంటే ఎక్కువగా ఆదరిస్తుంది. అమెరికాలో ఔషధాల నియంత్రణ సంస్థ పేరు 'ఫుడ్ అండ్ డ్రగ్ అడ్మినిస్ట్రేషన్'. భారత్‌లో బ్రిటిష్ పాలనా కాలం నాటి 1940 చట్టం పేరు 'డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ యాక్ట్', దేశ స్థాయి అధికారి హోదా 'డ్రగ్స్ కంట్రోలర్ జనరల్'. ఇక్కడి 'మ్యాథ్స్ టీచర్' అమెరికాలో 'మ్యాథ్ టీచర్' అవుతారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఇంటికి వచ్చి 'మ్యాథ్' అంటే అది పొరపాటు కాదు, ఆ దేశపు వాడుక. ఒకే దేశంలోనూ రెండు రూపాలు నడవవచ్చు. 1985 నుంచి 2020 వరకు ఉన్న మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వ శాఖ ఆంగ్ల నామంలో 'హ్యూమన్ రిసోర్స్' ఏకవచనం. ప్రైవేటు కంపెనీల్లో అదే రంగాన్ని చూసే విభాగం ఎక్కువగా 'హ్యూమన్ రిసోర్సెస్' అని బహువచనంలో ఉంటుంది.

ఆచరణలో ఏం చేయాలి?

ఇన్ని వైవిధ్యాల నడుమ రాసేవారికి ఉపయోగపడే క్రమం ఒకటుంది. సంస్థ, చట్టం, పరీక్ష, హోదా వంటి అధికారిక నామమైతే తర్కంతో పని లేదు. అసలు పత్రంలో ఉన్న రూపాన్నే యథాతథంగా తీసుకోవాలి. ప్రమాణ పత్రాలు, దరఖాస్తులు, వార్తలు, అనువాదాలు అన్నింటికీ ఇదే వర్తిస్తుంది. అధికారిక నామం కానప్పుడు మూల రూపంతో మొదలుపెట్టాలి. 'టికెట్ కౌంటర్', 'ఫ్రూట్ మార్కెట్', 'త్రీ డే ట్రైనింగ్' ఆ విధంగా సిద్ధిస్తాయి. ఆ రూపం వేరే అర్థమిస్తున్నా, విభిన్న అంశాల సముదాయాన్ని చెప్పలేకపోతున్నా అప్పుడు బహువచనాన్ని పరిశీలించాలి. అప్పటికీ సందేహం తీరకపోతే మంచి నిఘంటువు చూడటమే మార్గం.

తరగతి గదిలో ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులు 'బుక్స్ షాప్' అన్న విద్యార్థిని తప్పు పట్టే ముందు ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తించడం మేలు. పుస్తకాల దుకాణం అన్న తన భాషలోని సక్రమమైన పదాన్నే ఆ విద్యార్థి ఆంగ్లంలోకి తెచ్చాడు. అదే విద్యార్థి ఇంట్లో వంకాయ కూర అంటాడు, కంటి ఆసుపత్రి అంటాడు, ఊళ్లో పుస్తక ప్రదర్శనకు వెళ్తాడు. ఆంగ్ల నియమాన్ని అతనికి ఆ తెలుగు మాటల ద్వారానే పరిచయం చేయవచ్చు.